తెల్లవారుజామున పడవ షెడ్డు దగ్గర: సిడ్నీ జీపీఎస్ రోయింగ్ గురించి ఒక తండ్రి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాబు సిడ్నీలో ఒక జీపీఎస్ (గ్రేట్ పబ్లిక్ స్కూల్స్ అనే సంఘం) స్కూల్లో ఇయర్ 8 చదువుతున్నాడు. రోయింగ్‌లో చేరమని స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. వాడు ఎగిరి గంతేస్తున్నాడు, వాళ్ళమ్మ ససేమిరా అంటోంది. ఈ స్కూళ్ళ మధ్య పోటీ పిచ్చి స్థాయిలో ఉంటుందని ఎవరో చెప్పారు. ట్రైనింగ్‌కి నిబంధనలు ఉన్నాయి కాబట్టి భయం లేదని ఇంకెవరో చెప్పారు. ఏది నిజం, చేర్చాలా వద్దా, బయట కోచ్‌ని పెట్టించాలా, ఇయర్ 12 చివర రాసే బోర్డు పరీక్ష హెచ్ఎస్‌సీ సంగతేంటి అని అడిగారు.

చేర్చండి. కానీ నిబంధనలున్నాయన్న ధీమాతో మాత్రం చేర్చకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందు నా సంగతి. మా పెద్దవాడు ఇయర్ 8 నుంచి 12 దాకా తెడ్డు వేశాడు. చిన్నవాడు ఏడాదిన్నర వేసి, ఒక రోజు పొద్దున్న నాలుగున్నరకి అలారం మోగితే దుప్పటి ముసుగు పెట్టి "నాన్నా, నాకిది వద్దు" అన్నాడు, అక్కడితో సరి. నేను మొదట పేరెంట్స్ టెంట్‌లో గుడ్లూ బన్నులూ అందించేవాణ్ణి. తర్వాత ట్రైనింగ్ తీసుకుని రెగట్టాల్లో, అంటే పడవ పోటీల్లో, పడవలు తనిఖీ చేసే వాలంటీరు పనిలో స్థిరపడ్డాను. పిల్లల చదువులు అయిపోయినా నేను మాత్రం ఇంకా వెళ్తూనే ఉన్నాను. మా స్కూలు పేరు చెప్పను, అడగకండి.

జీపీఎస్ అంటే 1892లో ఏర్పడిన తొమ్మిది స్కూళ్ళ సంఘం. సిడ్నీ గ్రామర్, కింగ్స్, న్యూయింగ్టన్, రివర్‌వ్యూ, జోయీస్ అని అందరూ పిలిచే సెయింట్ జోసెఫ్స్, షోర్, స్కాట్స్, ఇంకా దూరంగా ఆర్మిడేల్, వీటితోపాటు సిడ్నీ బాయ్స్ హై. చివరిది మనవాళ్ళందరికీ తెలిసిన పేరే, అలాంటి ప్రభుత్వ స్కూళ్ళలో సీటు కోసం రాసే సెలెక్టివ్ టెస్ట్ కోచింగ్‌కి పిల్లల్ని తిప్పని తెలుగు ఇల్లు మన వెంట్వర్త్‌విల్ పేటలో ఎక్కడుంది! తొమ్మిదింటిలో అదొక్కటే ప్రభుత్వ స్కూలు. మిగతా వాటిలో పై క్లాసుల ఫీజు ఏడాదికి 45 వేల డాలర్లు దాటినవి ఉన్నాయి. ఒకే నీళ్ళ మీద, ఒకే గీత దగ్గర, ఫీజు లేని స్కూలు పడవా ఆ ఫీజుల స్కూళ్ళ పడవలూ పక్కపక్కన నిలబడతాయి. సిడ్నీ హై పడవల ఖర్చు చాలావరకూ తల్లిదండ్రులూ పాత విద్యార్థులూ చందాలు పోగుచేసి మోస్తారు. ఒక్క ఎయిట్ (ఎనిమిది మంది తెడ్డు వేసే) పడవ కొనాలంటే మంచి కారు ధర అని గుర్తుపెట్టుకుంటే, ఆ చందాలు అడగడం ఎంత పనో తెలుస్తుంది.

ఈ స్కూళ్ళ పడవ పందెం 1893లో మొదలైంది. పేరు హెడ్ ఆఫ్ ద రివర్. ఆ పేరు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి వచ్చింది. అక్కడ నది ఇరుకు, పడవలు పక్కపక్కన పోలేవు, ఒకదాని వెనక ఒకటి బయల్దేరి ముందున్న దాన్ని వెంటాడి తగిలించాలి. తగిలించినవాళ్ళు మర్నాడు ఒక మెట్టు ముందుకి వెళ్తారు. అలా వరసలో అందరికంటే ముందు నిలిచిన పడవ 'హెడ్'. సిడ్నీలో నది వెడల్పే అయినా పేరు మాత్రం ఓడలో వచ్చేసింది. పేర్ల పిచ్చి అంతటితో ఆగలేదు. పారమటా నది ఒడ్డున పేటల పేర్లు చూడండి: పుట్నీ, హెన్లీ, మోర్ట్‌లేక్. అన్నీ ఇంగ్లండ్‌లో థేమ్స్ ఒడ్డువే. హెన్లీ దగ్గర నీళ్ళలో ఒక విరిగిన స్తంభం లాంటిది నిలబడి ఉంటుంది, ఫెర్రీలో వెళ్ళేటప్పుడు గమనించే ఉంటారు. అది హెన్రీ సెర్ల్ అనే ప్రపంచ ఛాంపియన్‌ది. 1889లో ఇంగ్లండ్‌లో గెలిచి తిరిగొస్తూ టైఫాయిడ్‌తో పోయాడు. ఈ ఊళ్ళో క్రికెట్‌కి ముందే పడవ పందాల మీద పందేలు కాసేవాళ్ళన్నా అతిశయోక్తి కాదు.

పందెం జరిగే చోటు మాత్రం మారింది. పారమటా నది నుంచి 1930ల్లో పెన్రిత్ దగ్గర నెపియన్ నదికి, 1996 నుంచి అదే పెన్రిత్‌లో ఒలింపిక్స్ కోసం తవ్విన రెగట్టా సెంటర్‌కి. 2000 మీటర్లు, తిన్నగా, గాలి తప్ప వేరే వంక చెప్పడానికి లేని నీళ్ళు.

ఇక మీరు విన్న పిచ్చి. మార్చిలో హెడ్ ఆఫ్ ద రివర్ జరిగే శనివారం ఒకసారి వచ్చి చూడండి. స్కూలు స్కూలంతా బ్లేజర్లు వేసుకుని ఒడ్డున నిలబడి, ఒక్క గొంతుతో కేకలు వేస్తుంటే కింద నేల అదురుతుంది. తాతలు పాత టోపీలు పెట్టుకుని వస్తారు. ఫస్ట్ ఎయిట్, అంటే ప్రతి స్కూలు అగ్ర జట్టు, పందెం వచ్చేసరికి పక్కన నిలబడ్డ సర్జన్ గారు, లాయరు గారు కంచె పట్టుకుని ఊగుతూ అరుస్తారు. ఆరు నిమిషాలు అటూ ఇటూ అయిపోతుంది. గెలిచిన పడవ కాక్స్‌ని, అంటే తెడ్డు వేయకుండా పడవకి దారి చూపే కుర్రాణ్ణి, నీళ్ళలోకి విసిరేస్తారు. ఓడిన పడవలో ఎనిమిది మంది కుర్రాళ్ళు తెడ్ల మీద వాలిపోయి కాసేపు తల ఎత్తరు. ఆ దృశ్యం మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

కానీ ఇన్నేళ్ళలో నేను చూసింది ఏమిటంటే, శత్రుత్వం ఒడ్డు మీదే ఎక్కువ, నీళ్ళలో తక్కువ. ఒకసారి మా పడవ రిగ్గర్ (తెడ్డు ఆనే పక్క చట్రం) నట్టు వదులైంది. పందానికి ఇంకో ఇరవై నిమిషాలే ఉంది. మా 10 ఎం.ఎం. స్పానర్ ఎవడో ఎక్కడో పెట్టేశాడు. మా కుర్రాడు నేరుగా అదే పందెంలో మాతో పోటీపడే స్కూలు ట్రైలర్ దగ్గరికి వెళ్ళి అడిగాడు. వాళ్ళ కుర్రాడు స్పానర్ ఇవ్వడమే కాదు, వచ్చి పడవ పట్టుకున్నాడు కూడా. ఇదంతా చూస్తున్న ఒక పెద్దమనిషి, వాళ్ళ స్కూలు పాత విద్యార్థే, "మనమెందుకు ఇవ్వాలి?" అని గొణిగాడు. కుర్రాళ్ళిద్దరూ ఒకేసారి అతనికేసి చూసిన చూపు చూడాల్సిందే. ఈ పిల్లలు ఒకే చలిలో లేస్తారు, ఒకే నీళ్ళు తాగుతారు, ఒకళ్ళ బాధ ఒకళ్ళకి తెలుసు. పెద్దవాళ్ళకి మాత్రం స్కోరు బోర్డు ఒక్కటే కనిపిస్తుంది. ఇంటర్ ర్యాంకుల పోస్టర్లు చూస్తూ పెరిగిన మనకి ఈ జబ్బు కొత్తేం కాదు.

మెల్‌బోర్న్‌లో ఇదే కథ ఇంకా పాతది. స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ 1858లోనే ఫుట్‌బాల్‌లో తలపడ్డాయి, 1868లో యారా నది మీద పడవల్లో తలపడ్డాయి. అక్కడి సంఘంలో ఇప్పుడు పదకొండు స్కూళ్ళు. ఆ పందెం చాలా ఏళ్ళు జీలాంగ్‌లో బార్వన్ నది మీద జరిగి ఇప్పుడు నాగాంబీ సరస్సుకి చేరింది. అమ్మాయిల స్కూళ్ళ పెద్ద రెగట్టా బార్వన్ మీదే జరుగుతుంది. మీకు పాప కూడా ఉందన్నారు కాబట్టి చెప్తున్నా, సిడ్నీలోనూ అమ్మాయిల స్కూళ్ళకి విడిగా హెడ్ ఆఫ్ ద రివర్ ఉంది, పొద్దున్నే లేవడాలు అందులోనూ తప్పవు.

ఇప్పుడు అసలు విషయం, ట్రైనింగ్ నిబంధనలు. ఇవి ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎంతవరకు పనికొస్తాయో తెలుస్తుంది. ఒక స్కూలు జనవరి సెలవుల్లో పిల్లల్ని వారం క్యాంపుకి తీసుకెళ్ళిందనుకోండి. పక్క స్కూలు పది రోజులు తీసుకెళ్తుంది. ఒకరు దేశం తరఫున తెడ్డు వేసినవాణ్ణి కోచ్‌గా పెట్టుకుంటే ఇంకొకరు విదేశం నుంచి తెప్పిస్తారు. ఎవరికీ ఆపాలని లేక కాదు, ముందు ఆపినవాడు ఓడిపోతాడు. అందుకని హెడ్‌మాస్టర్లు అందరూ కూర్చుని ఒకరి చేతులు ఒకరు కట్టేసుకుంటారు: సీజన్ ఎప్పుడు మొదలు, వారానికి ఎన్నిసార్లు, ఆదివారం సంగతేంటి, ఎవరు వేయొచ్చు, వయసు ఎంత దాటకూడదు. వివరాలు సంఘాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, కాబట్టి నేను అంకెలు చెప్పను. మీ స్కూలు రోయింగ్ మాస్టర్ దగ్గర ఈ ఏడాది హ్యాండ్‌బుక్ అడిగి తీసుకోండి, ఇస్తారు.

చూశారుగా, ఆ ఒప్పందం స్కూలుకీ స్కూలుకీ మధ్య న్యాయం కోసం. పిల్లాడి ఒళ్ళు కాపాడటం అందులో కొంత భాగమే. ఈ తేడా అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది, మా వాడికి ఒక పక్కటెముక పట్టింది.

మావాడు అప్పుడు ఇయర్ 10. వారానికి ఇన్ని సెషన్లే అని కాగితం మీద ఉంది. కాగితం ప్రకారమే జరిగేది కూడా. దానికి తోడు మంగళ, గురు వారాల్లో లంచ్ టైములో ఎర్గ్ సెషన్ పెట్టారు, "ఇష్టమైనవాళ్ళు రావచ్చు" అని. ఎర్గ్ అంటే నేల మీద కూర్చుని గొలుసు లాగే మెషీను. ఆ గది గోడకి ఒక వైట్‌బోర్డు. ఇష్టపడి వచ్చినవాళ్ళ పేర్లూ, వాళ్ళు లాగిన అంకెలూ దాని మీద రాసేవారు. రానివాళ్ళ పేర్ల ఎదురుగా ఏమీ రాసేవారు కాదు. ఆ ఖాళీ ఉంది చూశారూ, దానంత గట్టిగా ఏ కోచూ అరవలేడు. విజయవాడ హాస్టళ్ళలో ఆదివారం పొద్దున "ఆప్షనల్" స్టడీ అవర్‌కి వెళ్ళినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. మావాడు ఒక్కటీ మానలేదు. ఫిబ్రవరిలో దగ్గితే పక్కలో పొడుస్తోంది అన్నాడు. కండరం పట్టేసిందనుకుని జండూ బామ్ రాశాం. ఇంకో పది రోజులు అలాగే లాగాడు, చెప్తే సీటు పోతుందని భయం. చివరికి స్కాన్‌లో తేలింది, పక్కటెముకకి స్ట్రెస్ ఫ్రాక్చర్. రోయింగ్‌లో నడుము నొప్పి తర్వాత అందరూ భయపడే గాయం ఇదే. ఆరు వారాలు విశ్రాంతి. ఆ ఏడు పందెం ఒడ్డునుంచే చూశాడు.

నిబంధన ఎక్కడా అతిక్రమించలేదు. స్కూలుని తప్పుపట్టడానికి కాగితం మీద నాకు ఏమీ దొరకలేదు. నిబంధన పడవ గంటలు లెక్కపెడుతుంది, పిల్లాడి గంటలు ఎవరూ లెక్కపెట్టరు. అది మీ పని.

లెక్క ఎలా ఉంటుందో మా ఇంటి వారం చెప్తాను. నాలుగూ ముప్పై అయిదుకి లేవడం. అయిదూ పదికి గ్లేడ్స్‌విల్ వైపు షెడ్డు. అయిదున్నరకి నీళ్ళ మీద. ఏడుకి బయట. పడవ కడిగి, తుడిచి, రాక్‌లో పెట్టి, స్నానం చేసి, తడి జుట్టుతో ఎనిమిదింపావుకి క్లాసు. ఇలా వారానికి మూడు రోజులు. ఇంకో రెండు సాయంత్రాలు బరువులు, ఎర్గ్. శనివారం పెన్రిత్, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా, అందులో పందెం ఆరు నిమిషాలు. నీళ్ళ మీద గడిపేది అయిదారు గంటలైతే, రోయింగ్ కోసం ఖర్చయ్యేది పదిహేను పైమాటే. దీని మీద మనం ఆదివారం మ్యాథ్స్ ట్యూషన్, సాయంత్రం మృదంగం క్లాసు, వాట్సాప్ గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు కలుపుతాం. ఈ వయసు పిల్లలకి రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నాలుగున్నరకి లేవాలంటే ఎనిమిదిన్నరకి పడుకోవాలి. మన ఇళ్ళలో ఎనిమిదిన్నరకి అన్నాలే కావు. మేము సరిదిద్దుకున్నది అదే: వాడికి ఏడింటికే పప్పన్నం పెట్టేసి, ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టేవాళ్ళం. మృదంగం మానేశాం, ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది.

సీట్ల ఎంపిక గురించి కూడా తెలుసుకోండి, ఇంట్లో ఏడుపులు వచ్చేది దాని దగ్గరే. ముందు ఎర్గ్ మీద 2000 మీటర్ల టెస్టు పెడతారు. ఫస్ట్ ఎయిట్‌లో కూర్చోవాలనుకునే పెద్ద కుర్రాడు ఆరున్నర నిమిషాల చుట్టుపక్కల, వీలైతే ఇంకా తక్కువలో లాగాలి. పోలికకి చెప్తున్నా, 2018లో ఆస్ట్రేలియా ఒలింపియన్ జాష్ డంక్లీ స్మిత్ 5 నిమిషాల 35.8 సెకన్లలో లాగాడు. పేరెంట్స్ టెంట్‌లో నాన్నలు ఈ అంకెలు ఎంసెట్ ర్యాంకుల్లా చెప్పుకుంటారు. ఆ కబుర్లలోకి దిగకండి. పడవలో ఎర్గ్ పులి పిల్లి అవడం నేను చాలాసార్లు చూశాను. తెడ్డు నీళ్ళలోకి ఒక క్షణం ఆలస్యంగా దింపేవాడు ఎంత బలంగా లాగినా పడవకి బరువే.

అందుకే సీట్ రేసింగ్ పెడతారు. రెండు ఫోర్ (నలుగురు వేసే) పడవలు పక్కపక్కన పోతాయి. మొదటిసారి ఎడమ పడవ 2 సెకన్లతో గెలిచిందనుకోండి. కోచ్ టిన్నీలోంచి, అంటే ఆ చిన్న అల్యూమినియం మోటారు పడవలోంచి, రెండు పేర్లు పిలుస్తాడు. పడవలు ఆనించి ఇద్దరు కుర్రాళ్ళు జాగ్రత్తగా లేచి ఒకళ్ళ సీటులోకి ఒకళ్ళు మారతారు. మళ్ళీ అదే దూరం. ఈసారి కుడి పడవ 1 సెకనుతో గెలిచింది. మిగతావాళ్ళెవరూ మారలేదు కాబట్టి ఆ 3 సెకన్ల తేడా మారిన ఇద్దరిది. ఎడమ నుంచి కుడికి వెళ్ళినవాడు ఎక్కినట్టు, రెండోవాడు దిగినట్టు. అంత నగ్నంగా ఉంటుంది. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ సాధారణంగా ప్రాణ స్నేహితులు. మావాడు ఇయర్ 11లో ఇలా తన స్నేహితుణ్ణి దింపి సీటు ఎక్కాడు. ఆ సాయంత్రం కార్లో నోరు తెరవలేదు. ఆ పిల్లాడే రాత్రి ఫోన్ చేసి, "రేపు లేట్ చేయకు, నన్నూ ఎక్కించుకోండి" అన్నాడు.

నిబంధనల్లో నేను ప్రాణం పెట్టి పాటించమని చెప్పేవి వేరే ఉన్నాయి, భద్రతవి. రెగట్టాలో ప్రతి పడవలో బూట్లు చూస్తాను. రోయింగ్ పడవలో బూట్లు పడవకే బిగించి ఉంటాయి, పిల్లలు వాటిలో కాళ్ళు దూర్చుకుంటారు. ప్రతి బూటు మడమకి ఒక చిన్న తాడు కట్టి ఉండాలి, మడమ కొద్దిగా మాత్రమే లేచేలా. పడవ తిరగబడితే ఆ తాడు బూటుని పట్టి ఉంచుతుంది, కాలు బయటికి జారుతుంది. తాడు లేకపోతే బూటు కాలితోపాటే లేస్తుంది, తలకిందులుగా నీళ్ళలో చిక్కుకుంటారు. రెండు అంగుళాల దారం అది. తెగిపోయిన తాడుని "ఈ ఒక్క రేసుకి వదిలేయండి" అని ఒక కోచ్ బతిమాలితే నేను పడవని వెనక్కి పంపాను, ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడు. తర్వాత పడవ ముక్కున రబ్బరు బంతి ఉండాలి. పదిహేడు మీటర్ల పొడవున్న సూది లాంటి పడవ అది, ఎవరికైనా తగిలితే గుచ్చుకుంటుంది. చీకట్లో వెళ్తే దీపాలు. తెడ్డు వేసేవాళ్ళందరూ వెనక్కి తిరిగి కూర్చుంటారని మర్చిపోవద్దు, మన గోదావరి పడవ మీద నిలబడి తెడ్డు వేసే మనిషిలా ముందుకు చూడరు. ఆ నదిలో పొద్దున్నే ఫెర్రీలు తిరుగుతాయి, వాటి అలకి పడవలోకి నీళ్ళు వస్తాయి. ఎయిట్‌లో ముందుకి చూసేది కాక్స్ ఒక్కడే. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే నీళ్ళలోంచి బయటికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మీవాడికి ఈత బాగా రాకపోతే ముందు ఈత నేర్పించండి, మిగతావన్నీ తర్వాత.

కాక్స్ మాట వచ్చింది కాబట్టి. మన పిల్లలు సన్నగా పొట్టిగా ఉంటే చాలామందిని కాక్స్ చేస్తామంటారు, కొందరు తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోకండి. అంతర్జాతీయ పందాల్లో కాక్స్ కనీసం 55 కిలోలుండాలి, తక్కువైతే ఇసుక సంచో మరేదో పడవలో పెట్టి సరిచేస్తారు, స్కూలు పందాల్లో అంకె వేరుగా ఉండొచ్చు. బరువు తగ్గించుకోవడానికి పిల్లాడు అన్నం మానేస్తుంటే మాత్రం వెంటనే ఆపించండి. మాకు తెలిసిన ఒకాయన కొడుకు ఉగాది ఫంక్షన్లో స్టేజి మీద రెండు ముక్కలు మాట్లాడమంటే వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కున్నవాడు. రెండేళ్ళ తర్వాత ఆరడుగుల కుర్రాళ్ళు ఎనిమిది మందిని, చీకట్లో, "ఈజీ ఓర్!" అని ఒక్క అరుపుతో ఆపడం నా చెవులతో విన్నాను.

ఎవరు వేయొచ్చు అన్న నిబంధనల చరిత్ర కొంచెం సిగ్గుపడేలా ఉంటుంది. ఇంగ్లండ్ హెన్లీ రెగట్టాలో ఒకప్పుడు చేతిపని చేసి బతికేవాళ్ళు అమెచ్యూర్లు కాదని రానిచ్చేవారు కాదు. 1920లో అమెరికా ఛాంపియన్ జాన్ కెల్లీని ఇటుకల పని చేశాడని కాదన్నారు. 1936లో ఇదే సిడ్నీ నుంచి న్యూసౌత్‌వేల్స్ పోలీసు ఎయిట్ బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్తూ హెన్లీలో దిగాలనుకుంటే, పోలీసు ఉద్యోగం కూడా చేతిపనే అన్నారు. గొడవ పెద్దదై మర్నాటి ఏడు ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు తగువు తలకిందులైంది, బాగా వేసే కుర్రాణ్ణి ఫీజు తగ్గించి లాక్కున్నారని. క్రీడ చూసి ఫీజు రాయితీ ఇవ్వకూడదన్నది ఈ స్కూళ్ళ పద్ధతి. అయినా ఇయర్ 10 మధ్యలో భుజాలు తలుపంత వెడల్పున్న కొత్త కుర్రాడు దిగితే టెంట్‌లో గుసగుసలు మొదలవుతాయి. కొన్ని నిజం కావచ్చు, చాలావరకు ఓడినవాళ్ళ ఓదార్పు. మీవాడికి దానితో పనిలేదు.

బయట కోచ్ అడిగారు. వద్దు. ఇయర్ 8లో నలుగురు కూర్చునే క్వాడ్‌లో, చేతికొక తెడ్డుతో మొదలుపెట్టిస్తారు. స్కూలు కోచ్ ఒకలా చెప్పి బయటి కోచ్ ఒకలా చెప్తే ఆ పిల్లాడి తెడ్డు మిగతా ముగ్గురితో కలవదు. ఇంటికి ఎర్గ్ కొనడమూ వద్దు. కొంటే అది గరాజ్‌లో ఉండదు, మీ నోట్లో ఉంటుంది: "ఇవాళ ఎర్గ్ చేశావా?"

హెచ్ఎస్‌సీ భయం సగం ఊహే. న్యూసౌత్‌వేల్స్‌లో ఇయర్ 12 అక్టోబరులోనే మొదలవుతుంది. హెడ్ ఆఫ్ ద రివర్ మార్చిలో అయిపోతుంది. బోర్డు పరీక్షలు మళ్ళీ అక్టోబరు, నవంబరు. అంటే చివరి ఆరేడు నెలలు చేతికొస్తాయి. ఇరుకైన చోటు ఒకటే: అక్టోబరు నుంచి మార్చి దాకా జరిగే స్కూలు అసెస్‌మెంట్లు, వాటి మార్కులు ఫైనల్లో కలుస్తాయి. ఆ తేదీలు ముందే తెచ్చుకుని రెగట్టా క్యాలెండర్ పక్కన అంటించండి. రెండూ ఒకే వారంలో పడ్డ చోట కోచ్‌తో రెండు వారాల ముందే మాట్లాడితే వింటాడు, ముందురోజు రాత్రి మాట్లాడితే వినడు. మావాడు సీజన్ అయ్యాక ఏప్రిల్లో బిక్కమొహం వేసుకుని తిరిగాడు, ఖాళీ టైముని ఏం చేయాలో తెలియక. అది వేరే కథ.

రోయింగ్ మాస్టర్‌ని అడగాల్సినవి: "ఇష్టమైతే రావచ్చు" అనే సెషన్లు ఎన్ని, వాటి హాజరు రాస్తారా? నొప్పి ఉందని చెప్పిన పిల్లాడి సీటు ఏమవుతుంది? టిన్నీ నడిపే కోచ్‌లందరికీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ళకి ప్రభుత్వం చేసే తనిఖీ) ఉందా? రెండో ప్రశ్నకి ఆయన తడుముకోకుండా జవాబిస్తే మంచి షెడ్డు. మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఆవిడ అడిగితేనే సూటిగా ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. మొదటి నెలలో అరచేతులు బొబ్బలెక్కి చిట్లుతాయి. మన అమ్మలు వెంటనే కొబ్బరినూనె రాస్తారు. రాయకండి, చర్మం మెత్తబడి మళ్ళీ ఊడుతుంది. శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. పొద్దున ఖాళీ కడుపుతో పంపకండి, ఒక అరటిపండు, రెండు బ్రెడ్డు ముక్కలు చాలు. వచ్చాక తినడానికి డబ్బాలో పెరుగన్నం పెడితే మిగతా పిల్లలు మొదట వింతగా చూస్తారు, మూడో వారం నుంచి చెంచా పట్టుకుని వస్తారు, కాబట్టి పెద్ద డబ్బా కొనండి. జత సాక్సు అదనంగా, పొడి బట్టలు ఒక ప్లాస్టిక్ సంచిలో. ఇంకా మొదటి రోజు కారు మాత్రం షెడ్డు గేటుకి అడ్డంగా పెట్టకండి. అయిదున్నరకి ట్రైలర్ వెనక్కి వస్తుంది, పొడుగాటి పడవలతో, చీకట్లో. నేను పెట్టాను.